పిల్లలందరిదీ ఒకే మోత

మనిషి తలలోపల మోగే శబ్దాన్ని మొట్టమొదట విన్నది డాక్టర్ వకుళ. విన్నాక చాలాసేపు కుర్చీలోంచి లేవలేకపోయింది.

విశాఖపట్నంలో సముద్రానికి ఎదురుగా కొండవాలు మీద ఒక నాడీ పరిశోధన కేంద్రం ఉంది. వకుళ అక్కడ మెదడు మీద పనిచేస్తుంది. ఆమెకు తోడు జోగినాయుడు శబ్దాల ఇంజనీరు. విజయనగరం పక్క పల్లెవాడు, ఎన్ని చదువులు చదివినా ఊరి యాస వదలనివాడు. మెదడులో పుట్టే సన్నటి విద్యుత్ తరంగాలను తెర మీద గీతలుగా చూసి చూసి విసిగిపోయిన ఈ ఇద్దరూ, వాటిని చెవికి వినబడేలా చేస్తే ఎలా ఉంటుందోనని నుదుటికి కట్టుకునే మెత్తటి పట్టీ ఒకటి తయారుచేశారు. దానికి నాదిని అని పేరు పెట్టుకున్నారు.

మొదట నాయుడే కట్టుకున్నాడు. వకుళ హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది. ఎండిన తాటాకులు గాలికి రాసుకుంటున్నట్టు గలగల, దానికింద ఎక్కడో లోతున డప్పు. లెక్క చేయమంటే తాటాకులు జోరందుకున్నాయి. వాళ్లమ్మను తలుచుకోమంటే డప్పు దగ్గరికొచ్చింది. తర్వాత వకుళ కట్టుకుంది.

"మీది నూలు వడుకుతున్నట్టున్నాది మేడమ్," అన్నాడు నాయుడు.

ఆ తర్వాత ఎవరు దొరికితే వాళ్ల నుదుటికి పట్టీ కట్టి విన్నారు. పొత్తిళ్లలోని పసిబిడ్డలు, వలలు లాగే జాలర్లు, పింఛను తీసుకునే ముసలమ్మలు. ఒకరి శబ్దం ఒకరికి లేదు. కవలపిల్లలు ఇద్దరిని కూర్చోబెడితే ఒకరిది చినుకుల చప్పుడు, ఇంకొకరిది రంపం కోత. ఇంతమంది మనుషులు పుట్టి పోతున్నారు, ప్రతి ఒక్కరూ ఇంకెక్కడా లేని ఒక పాటను మోసుకు తిరుగుతున్నారు, ఆ సంగతి మోసేవాళ్లకే తెలియదు అనుకుంటే వకుళకు ఒళ్లు జలదరించేది.

కూతురు ద్యుతికి తొమ్మిదేళ్లప్పుడు ఆమెకూ కట్టింది. ఇత్తడి పళ్లెంలో గోళీలు దొర్లుతున్నట్టు వినిపించింది. దొర్లి దొర్లి ఒకదాన్నొకటి ఢీకొని, నవ్వినట్టుగా చెదిరిపోయేవి.

*

ఆరేళ్లు గడిచాయి. కౌమారంలో ఈ శబ్దం ఎలా మారుతుందో చూద్దామని, కొండ దిగువన ఉన్న స్కూల్లో తొమ్మిది, పది తరగతుల పిల్లలను పిలిపించారు. తల్లిదండ్రులు సంతకాలు చేశారు. పిల్లలు ఒక్కొక్కరే లోపలికొచ్చి, పట్టీ కట్టించుకుని కూర్చున్నారు.

మొదటి అమ్మాయి తలలోంచి ఒక మోత వచ్చింది. ఫ్రిజ్ నడుస్తున్నట్టు, ఎత్తూ పల్లం లేని మోత. రెండో పిల్లాడిదీ అదే. మూడో పిల్లదీ అదే.

"ఏటి మేడమ్, మిషనుగాని పాడైపోనాదా?" అని నాయుడు పట్టీ విప్పి తన నుదుటికి కట్టుకున్నాడు. తాటాకులు గలగలమన్నాయి, డప్పు మోగింది. మిషన్ బాగానే ఉంది.

సాయంత్రానికి తరగతి మొత్తం అయింది. ఒకరో ఇద్దరో తప్ప అందరిదీ ఒకటే మోత. ఆదిలాబాద్‌లో వీళ్లలాంటి కేంద్రమే ఇంకొకటి ఉంది. వకుళ వాళ్లకు ఫోన్ చేసి, అక్కడి పిల్లలనూ వినమంది. వాళ్లు పంపిన రికార్డును నాయుడు తమ రికార్డు పక్కన పెట్టి ఒకదాని వెంట ఒకటి వినిపించాడు. ఎక్కడ ఒకటి ఆగి రెండోది మొదలైందో చెప్పలేకపోయారు. ఎన్నడూ ఒకరినొకరు చూడని పిల్లలు, గోండు గూడెం దగ్గరి పిల్ల, సముద్రం ఒడ్డు పిల్ల, ఒకే శ్రుతిలో మోగుతున్నారు.

కారణం దొరకడానికి ఎంతోకాలం పట్టలేదు. ఆ పిల్లలందరి చేతుల్లో 'జిగేల్' అనే యాప్ ఉంది. వేలితో పైకి తోస్తే ఇంకో వీడియో, మళ్లీ తోస్తే ఇంకోటి. లేచింది మొదలు నిద్రపోయేదాకా చూసే పిల్లల్లో మోత గట్టిగా ఉంది. అప్పుడప్పుడు చూసేవాళ్లలో మోతకింద సొంత శబ్దం ఇంకా కదులుతోంది. ఇంట్లో ఫోనే లేని ఒక జాలరి పిల్ల తలలోంచి మాత్రం సముద్రపు కాకుల గుంపు ఎగిరినట్టు వినిపించింది.

నాయుడు ఆ మోతకు 'చదును' అని పేరు పెట్టాడు. గుట్టలూ పుట్టలూ కొట్టేసి పొలం దున్నినట్టుగా ఉందన్నాడు.

భయం వేయాల్సిన చోట వకుళకు ముందుగా వేసింది ఆశ్చర్యం. దేశం నిండా పిల్లల తలలన్నీ కలిసి ఒకే స్వరం పలుకుతుంటే, అంత పెద్ద వాద్యం భూమి మీద ఇంతకుముందు ఎప్పుడైనా మోగిందా? దాన్ని వాయిస్తున్నది ఎవరు? ఎవరూ కాదు. ఇంకొక్క వీడియో చూపించడం తప్ప వేరే ఆలోచన లేని, యాప్ లోపలి ఒక లెక్క.

*

ఇంట్లో అన్నం దగ్గర ద్యుతి ఎడమచేతిలో ఫోన్ ఉంటుంది. కుడిచెయ్యి కంచంలో కలుపుతూనే ఉంటుంది, నోటిదాకా రాదు. తండ్రి రాయ్‌పూర్‌లో రైల్వే ఉద్యోగి, నెలకోసారి వస్తాడు. వచ్చినప్పుడు కూడా కూతురి ముఖం మీద వెలిగి ఆరే రంగులనే చూసి వెళ్లిపోతాడు.

"ద్యుతీ, చారు పోయనా?"

"ఊఁ."

"స్కూల్లో ఏం జరిగింది?"

"ఏం లేదు."

స్కూలు పిల్లలందరినీ విన్న వకుళ, కూతురికి పట్టీ కట్టడానికి మాత్రం రోజులు వాయిదా వేసింది. చివరికి ద్యుతే అడిగింది. "మా క్లాసులో అందరికీ కట్టావు. నాకెందుకు కట్టలేదు? మా ఫ్రెండ్స్ అడుగుతున్నారు."

"కట్టనా మరి?"

"కట్టు. కానీ తర్వాత ఫోన్ లాక్కోకూడదు."

సరేనని కట్టింది. హెడ్‌ఫోన్స్‌లో ఎక్కడైనా ఒక్క గోళీ దొర్లుతుందేమోనని విన్నది. చదును తప్ప మరేమీ లేదు.

ఇచ్చిన మాట తప్పి ఆ సాయంత్రం వకుళ ఫోన్ లాక్కుంది. ద్యుతి అరిచింది, ఏడ్చింది, తలుపుకేసి తల కొట్టుకుంది. కనుబొమ్మ చిట్లి రక్తం కారుతుంటే కూడా "ఇవ్వు, ఇవ్వు" అంటూనే ఉంది. వకుళ ఫోన్ చేతిలో పెట్టింది. ఏడుపు కుళాయి కట్టేసినట్టు ఆగిపోయింది. రక్తం తుడిపించుకుంటూనే పిల్ల వేలితో వీడియోలు పైకి తోసుకుంటోంది.

అలాంటి పిల్లలు కేంద్రానికి కూడా రావడం మొదలుపెట్టారు. తగరపువలస నుంచి ఒక కుర్రాణ్ణి తండ్రి, మేనమామ చెరో చెయ్యీ పట్టుకుని తీసుకొచ్చారు. ఫోన్ పగలగొట్టినప్పటినుంచీ తిండి లేదు, నిద్ర లేదు, చేతికందింది విసిరేస్తున్నాడు. నాయుడికి ఒక ఆలోచన వచ్చింది. పట్టీ వెనక్కి పనిచేసేలా ఒక మీట అమర్చి, అది నొక్కి, రికార్డు చేసిన చదునునే సన్నటి విద్యుత్తుగా వాడి నుదుటిగుండా లోపలికి పంపాడు. కుర్రాడు చనుబాలు నోటికందిన పసిబిడ్డలా మెత్తబడిపోయాడు. కళ్లు సగం మూసుకున్నాయి. తండ్రి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు.

ఆయన వెళ్లిపోయాక నాయుడు ఆ మీటను చాలాసేపు చూస్తూ నిలబడ్డాడు. "ఫోనక్కర్లేకుండా ఫోను మనమే తయారుసేసినాం మేడమ్," అన్నాడు.

*

అక్టోబరులో తుపాను వచ్చింది. ఒక పగలల్లా గాలి కొండను పట్టుకుని ఊపినంత పని చేసింది. తెల్లారి చూస్తే ఊరంతా విరిగిన కొమ్మలే. కరెంటు స్తంభాలు రోడ్లకు అడ్డంగా పడుకున్నాయి. సెల్ టవర్లు నడుములు విరిగి మేడలమీద వేలాడుతున్నాయి.

పరిశోధన కేంద్రం రాతికట్టడం. జనరేటర్ ఉంది, బావి ఉంది. కొండ దిగువ వీధులవాళ్లు పిల్లాపాపలతో అక్కడికొచ్చి పెద్ద హాల్లో చాపలు పరుచుకున్నారు. వాళ్ల పిల్లల్లో చాలామంది వకుళ పట్టీలు కట్టి విన్నవాళ్లే.

మొదట్లో పిల్లలు ఫోన్లు ఎత్తిపట్టుకుని మేడ మీదికీ గోడ మీదికీ ఎక్కి సిగ్నల్ వెతికారు. తర్వాత ఒకరిమీద ఒకరు విరుచుకుపడ్డారు. ఆ తర్వాత ఒకచోట కుదురుగా కూర్చోలేక, తిన్నది ఇమడక, చేతులు వణికి, చల్లచెమటలు పట్టి పడుకున్నారు. ఏమీ లేని ఖాళీ చేతిలో బొటనవేలు మాత్రం పైకి తోస్తూనే ఉండేది.

తల్లిదండ్రులను అడిగి వకుళ అందరికీ పట్టీలు కట్టింది. వాటికి తీగలతో పని లేదు. పక్కగదిలో కూర్చుని నాయుడు, ఆమె ఒక్కొక్కరినే వినేవారు. పిల్లలకు మాత్రం వినిపించేవారు కాదు. తన శబ్దం తాను వింటే అది మారిపోతుంది, రీడింగులు పనికిరావు. మొదటినుంచీ వాళ్లు పెట్టుకున్న కట్టుబాటు అది.

రోజులు గడిచేకొద్దీ చదును పలచబడింది. దానికింద నుంచి సొంత శబ్దం పైకి లేస్తుందని వకుళ ఎదురుచూసింది. లేవలేదు. చదును పోయింది, దాని స్థానంలో ఏమీ రాలేదు. బతికున్న పిల్లల తలల్లోంచి నిశ్శబ్దం వినిపించింది.

హాలు మూలన గోడవైపు తిరిగి పడుకున్న ద్యుతి, తల్లి దగ్గరికొస్తే అటు తిరిగే అడిగింది.

"అమ్మా, తగరపువలస అబ్బాయికి ఏదో పెట్టారట కదా. నాకూ పెట్టవా?"

"నీకెవరు చెప్పారు?"

"ఎవరో. పెట్టమ్మా. నా లోపల ఏమీ లేదు. ఎంత వెతుక్కున్నా నేను దొరకట్లేదు."

వకుళ పక్కగదిలోకి వచ్చి మీట ముందు నిలబడింది. చేయి దానిమీదే ఉంది.

"పెట్టీండి మేడమ్," అన్నాడు నాయుడు. "కొంచెమే. పిల్ల నలిగిపోతాది, సూడలేకున్నాను."

"పెడితే నిద్రపోతుంది. నాకూ తెలుసు."

"మరేటి ఆలోసిస్తన్నారు?"

"ఆ నిశ్శబ్దం అంటే అంతా అయిపోయినట్టో, ఇంకేదైనా మొదలవడానికి ఆగినట్టో మనకు తెలియదు నాయుడుగారూ. మధ్యలో ఇది పోసేస్తే ఎప్పటికీ తెలియదు." ఆమె చేయి వెనక్కి తీసుకుంది. హాల్లోకి పోయి కూతురి పక్కనే చాపమీద పడుకుంది. తల్లి తన వీపు మీద వేసిన చేతిని ద్యుతి తోసేయలేదు.

మర్నాడు పొద్దున్నే నాయుడు హాలు గుమ్మంలోకి పరిగెత్తుకొచ్చి, చేతులతో పిలిచాడు. వకుళ వెళ్లి హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది. నౌషీన్ అనే పిల్ల, ద్యుతి క్లాసే. ఆ పిల్ల నిశ్శబ్దంలో ఒక చిన్న టక్కు. ఆగి, ఇంకొక టక్కు. కుట్టుమిషన్ పాదం మెల్లగా ఆడుతున్నట్టు. అది పెరిగి, పరుగందుకుని, నేసినట్టుగా అల్లుకుంది. నౌషీన్ ఏం చేస్తోందా అని కిటికీలోంచి చూశారు. ఏమీ చేయడం లేదు. మెట్టుమీద కూర్చుని నేలమీద పాకే చీమల బారును చూస్తోంది, అంతే.

ఆ మధ్యాహ్నానికి ఇంకో పిల్లాడు. సాయంత్రానికి ఇంకా కొందరు. నాయుడు ఇక ఉండబట్టలేక, పిల్లలు పెరట్లో ఉన్నప్పుడు స్పీకర్లు తెచ్చి హాల్లో పెట్టి, పట్టీలన్నిటినీ ఒక్కసారిగా కలిపేశాడు. వంటలు చేస్తున్న తల్లులు, చాపలమీద పేకాడుకుంటున్న తండ్రులు ఉన్నచోటే ఆగిపోయారు. రాళ్ల మధ్య పారే నీళ్లు, దూరంగా వెళ్లే రైలు, గాజుల గలగల, పేరుపెట్టలేని ఇంకెన్నో. కలిపితే రణగొణధ్వని కావాలి. కాలేదు. వాన వెలిశాక అడవిలో ఒక్కొక్క ప్రాణీ గొంతు విప్పినట్టు, ఎవరి చోటు వాళ్లకు వదిలి మోగాయి. ఒక తల్లి మసిగుడ్డ చేత్తోనే నోరు మూసుకుని ఏడ్చింది. నౌషీన్ వాళ్ల నాన్న "అందులో మా పిల్లది ఏదమ్మా? ఒక్కసారి వేరుగా వినిపించండమ్మా" అని బతిమాలాడు. వినిపిస్తే తల వంచుకుని నిలబడి చివరిదాకా విన్నాడు.

అందులో ద్యుతిది లేదు.

తర్వాతి రోజు మధ్యాహ్నం వకుళ గదిలో ఒంటరిగా కూర్చుని వింటుంటే, ఒక కొత్త శబ్దం తగిలింది. బరువైనది. రేవులో కట్టిన పడవ అలకు లేచినప్పుడు తాడు సాగి మూలిగినట్టు ఒక్కసారి పలికి, చాలాసేపు ఆగి, మళ్లీ పలుకుతోంది. ఆ ఆగిన చోటు కూడా ఖాళీగా లేదు. ఇదెవరిదని పట్టీల వరుసంతా వెతికింది.

"ఎవరిదేటి మేడమ్, మీ అమ్మాయిదే," అన్నాడు అప్పుడే వచ్చి వెనకనుంచి తెర మీది పేరు చూసిన నాయుడు.

"కాదు. ద్యుతిది గోళీలు."

"అప్పుడు తొమ్మిదేళ్లు. సూడండి."

కిటికీలోంచి చూసింది. తుపానుకు పడిపోయిన మునగచెట్టు మీద ద్యుతి కూర్చుని ఉంది. రాత్రి పప్పులోకి ఆడవాళ్లు ఆకు దూస్తుంటే తానూ ఒక రెమ్మ పట్టుకుని, ఒక్కొక్క ఆకే తీస్తూ సముద్రంవైపు చూస్తోంది. తుపాను తర్వాత సముద్రం ఇటుకరంగులో ఉంది. తాడు సాగింది, మూలిగింది, ఆగింది.

వకుళ తన దగ్గరున్న పాత రికార్డును ఇన్నేళ్లుగా కూతురు అనుకుంటూ వచ్చింది. ఇప్పుడు కళ్ల ముందున్న పిల్ల ఎవరో ఆమెకు తెలియదు. ఎవరో ఒక పదిహేనేళ్ల కొత్త మనిషి, ఇంత లోతు ఎక్కడినుంచి తెచ్చుకుందో, తన ఇంట్లోనే, ఆ మోతకింద పూడిపోయి ఇన్నాళ్లు పెరిగింది. వకుళ కిటికీ ఊచలు పట్టుకుని, ఆకు దూయడం అయిపోయేదాకా అలాగే నిలబడింది.

*

టవర్ బాగుపడుతుందని ఎవరూ చెప్పలేదు. ఒక ఉదయం ఇడ్లీలు పంచుతుంటే హాల్లో ఫోన్లన్నీ ఒక్కసారిగా టింగుమన్నాయి.

పిల్లలు కంచాలు వదిలి పరిగెత్తారు. ద్యుతీ పరిగెత్తింది. పక్కగదిలో నాయుడు, వకుళ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఉన్నారు. రాళ్లమీది నీళ్లు ఇంకిపోయాయి. రైలు దూరమైంది. గాజులు ఆగాయి. ఒక్కొక్కటిగా, ఎవరో వీధిదీపాలు ఆర్పుకుంటూ వెళ్తున్నట్టు, అన్నీ ఆ ఒక్క మోతలో కలిసిపోయాయి. పడవతాడు కూడా తెగిపోయింది.

"అయిపోనాది మేడమ్," అన్నాడు నాయుడు.

వకుళ లేచింది. ఫోన్లు లాక్కోవడానికి కాదు. మిషన్‌ను హాల్లోకి తెచ్చి, స్పీకర్ల వైరు దానికి తగిలించింది.

"ఏటి సేస్తన్నారు? పిల్లలు వింటే ఇన్నేళ్ల రీడింగులూ పాడైపోతాయి మేడమ్. ఇంకెందుకూ పనికిరావు."

"పోనివ్వండి నాయుడుగారూ. వాళ్లవి వాళ్లు వినాలి."

హాలు నిండా చదును మోగింది. అద్దాలు అదిరేంత మోత. పెద్దవాళ్లు చెవులు మూసుకున్నారు. పిల్లలు కాసేపు తల ఎత్తలేదు. తర్వాత ద్యుతి చిరాగ్గా ముఖం పెట్టి, "ఏంటమ్మా ఆ సౌండు? ఆపు" అంది.

"నేను కాదు. అది మీ తలల్లోంచి వస్తోంది. నీది వేరుగా వింటావా?"

వకుళ మిగతావన్నీ తగ్గించి ద్యుతి పట్టీ ఒక్కటే ఉంచింది. అదే మోత. ద్యుతి నమ్మలేదు. నుదుటి పట్టీ మీద వేలితో తట్టింది. స్పీకర్‌లో ఠక్కుమంది. పిల్ల ముఖం మారింది. చేతిలోని ఫోన్‌ను చాపమీద బోర్లా పెట్టి, ఊపిరి బిగబట్టి కూర్చుంది. చాలాసేపు ఏమీ కాలేదు. ఫోన్ రెండుసార్లు వణికింది. ఆమె చెయ్యి అటు పోయింది, ఆగింది. మోత సన్నబడింది. ఆ తర్వాత, ఎక్కడో అడుగునుంచి, తాడు సాగి మూలిగింది.

ద్యుతి ఉలిక్కిపడింది. "అది... నేనా?"

"నువ్వే."

ఫోన్ ఎత్తి చూసింది. శబ్దం చదునైంది. పెట్టేసింది. కొంతసేపటికి మళ్లీ లేచింది. అత్తిపత్తి ఆకును ముట్టుకుని చూసే చిన్నపిల్లలా ఎత్తింది, పెట్టింది. మూడోసారి పెట్టినప్పుడు ఆమె చెంపల మీద నీళ్లు కారుతున్నాయి, నోరు మాత్రం నవ్వుతోంది. "ఎంత పెద్దగా ఉందమ్మా," అంది మెల్లగా. "నా లోపల ఇంత చోటుందా?"

వకుళ తలూపింది.

హాల్లో కొందరు పిల్లలు ఫోన్లు పట్టుకుని బయటి మెట్లమీదికి వెళ్లిపోయారు. వాళ్లలో ఇద్దరు పట్టీలు విప్పి పారేశారు. కొందరు మాత్రం ద్యుతి వైపే చూస్తున్నారు. నౌషీన్ ఫోన్ ఒళ్లో పెట్టుకుని ఎటూ తేల్చుకోలేక కూర్చుంది. ద్యుతి లేచి వెళ్లి ఆ పిల్ల ముందు గొంతుక్కూర్చుంది.

"నీది కుట్టుమిషన్‌ట, మీ నాన్న చెప్పాడు. ఇప్పుడు లేదు. వింటావా?"

"వింటే ఏమవుతుంది?"

"ఏమో. విను."

ఇద్దరూ కలిసి మిషన్ దగ్గరికొచ్చారు. ఏది ఎవరి పట్టీయో చెబుదామని వకుళ, నాయుడు వాళ్లమీదికి వంగారు.

"అమ్మా, నువ్వు కొంచెం పక్కకి జరుగు," అంది ద్యుతి తలెత్తకుండానే. "వెలుతురుకి అడ్డమొస్తున్నావు. మేం చూసుకుంటాం."

వకుళ పక్కకు జరిగింది.